మూలనపడ్డ పాత రంపం మిషన్‌ను బాగుచేయడం, పార్టులు వెతకడం ఎలా?

కట్టెల అడితిలోనో, కోత మిల్లు వెనక రేకుల షెడ్డులోనో దుమ్ముపట్టిన పాత చైన్‌సా చేతికొస్తే చాలామంది ముందు తాడు పట్టి గుంజుతారు. ఆ పని చేయకండి. ఏళ్ల తరబడి కదలని మిషన్‌లో రింగులు సిలిండర్‌కు పట్టేసి ఉండొచ్చు. సైలెన్సర్ బెజ్జంలో కందిరీగ మట్టిగూడు కట్టి ఉండొచ్చు. ఒక్క గుంజుడుకు ఆ మట్టి లోపలికి జారిందంటే అప్పటిదాకా బాగున్న సిలిండర్ గీసుకుపోతుంది.

ఇలాంటి మిషన్లలో ఇనప సామాను తొందరగా చెడదు. ముందు పోయేవి రబ్బరు, ప్యాకింగులు, సి.బి. పాయింట్లు (ప్లగ్గులో నిప్పు పుట్టడానికి కరెంటును కలిపి తెంచే రెండు ముక్కలు). ఏం పోయిందో తేలకముందే ‘ఫుల్ కిట్టు’ కొనడం దండగ.

ముందు లోపలికి తొంగిచూడండి

ప్లగ్గు తీయండి. సైలెన్సర్ విప్పి, టార్చి వేసి పిస్టన్ పక్క భాగం చూడండి. వెంట్రుకంత సన్నని గీతలుంటే పర్వాలేదు. అల్యూమినియం కరిగి పూసినట్టు నిలువు చారలుంటే అది ఆయిల్ చాలకో, గాలి లీకయ్యో పట్టేసిన మిషన్. కారణం పట్టుకోకుండా కొత్త పిస్టన్ వేస్తే అదీ అలాగే పోతుంది.

పిస్టన్ బాగుందనిపిస్తే ప్లగ్గు బెజ్జంలో ఒక చెంచా టూటీ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున మాగ్నెట్‌ను, అంటే అయస్కాంతం బిగించిన రెక్కల చక్రాన్ని, చేత్తో మెల్లగా తిప్పండి. తిరిగితే కంప్రెషన్ గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కిపట్టి ఏడెనిమిది సార్లు తాడు లాగండి. 120 పీఎస్ఐ దాటితే ఇంజను బాగున్నట్టే. 90 కంటే తక్కువైతే స్టార్టు కావడం కష్టం. తక్కువ వచ్చినప్పుడు ప్లగ్గు బెజ్జంలో నాలుగు బొట్లు ఆయిల్ వేసి మళ్లీ కొలవండి. ముల్లు పైకి లేస్తే రింగులు అరిగాయి. లేవకపోతే ప్యాకింగ్ దగ్గరో, ప్లగ్గు దగ్గరో లీకు ఉంది.

నిప్పు రాకపోతే

కొత్త ప్లగ్గు పెట్టి, దాన్ని సిలిండర్ రెక్కలకు ఆనించి, నీడలో నిలబడి తాడు లాగండి. పక్కన పెట్రోలు డబ్బా ఉండకూడదు. నిప్పు కనబడకపోతే ముందు స్విచ్చి వైరు పీకి మళ్లీ చూడండి. ఎలుక కొరికిన వైరు బాడీకి తగిలి కరెంటు తినేయడం మామూలే. పైసా ఖర్చులేని పరీక్ష ఇది, అయినా చాలామంది మాగ్నెట్ విప్పాకే దీన్ని గుర్తుచేసుకుంటారు.

1980ల ముందు మిషన్లలో చాలావాటికి పాయింట్లు మాగ్నెట్ కింద ఉంటాయి. నట్టు విప్పాలంటే పిస్టన్ కదలకుండా ఆపాలి. సైలెన్సర్ వైపు కిటికీ (పొగ బయటికిపోయే దారి) పిస్టన్‌తో మూసుకునేదాకా తిప్పి, ప్లగ్గు బెజ్జంలోంచి మెత్తటి నైలాన్ తాడు దూర్చండి. కిటికీ తెరిచి ఉండగా దూరిస్తే తాడు అంచుల్లో ఇరుక్కుంటుంది. మాగ్నెట్ ఊడదీయడానికి పుల్లర్ ఉంటే మంచిది. లేకపోతే నట్టును షాఫ్టు కొసకు సమంగా వచ్చేదాకా మాత్రమే వదిలించి, దానిమీద ఇత్తడి ముక్క పెట్టి, మాగ్నెట్‌ను చేత్తో ఎత్తిపట్టి ఒక్క దెబ్బ గట్టిగా వేయండి. వట్టి షాఫ్టు మీద సుత్తి పడితే మర చెడిపోతుంది. రెక్కల కింద స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే రెక్క విరుగుతుంది.

పాయింట్ల ముఖాలు నల్లగా, గుంటలుగా కనిపిస్తాయి. 600 నంబరు ఎమరీ కాగితం మడిచి మధ్యలో పెట్టి రెండుమూడు సార్లు లాగండి. తర్వాత పెట్రోల్లో తడిపిన శుభలేఖ అట్టముక్కను లాగితే ఎమరీ పొడి, జిడ్డు దానికంటుకుని వస్తాయి. ఈ రెండో పని ఎగ్గొడితే శుభ్రం చేసిన పాయింట్లు కూడా నిప్పు ఇవ్వవు. పాయింట్లు పూర్తిగా విచ్చుకున్నచోట ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకు) పెట్టి సందు 0.35 నుంచి 0.4 మి.మీ. ఉండేలా బిగించండి. కాయిల్‌కూ మాగ్నెట్‌కూ మధ్య 0.2 నుంచి 0.3 మి.మీ. చాలు. తిరిగి బిగించేముందు మాగ్నెట్ కీ (చక్రం షాఫ్టు మీద జారకుండా పట్టే చిన్న ముక్క) చూడండి, అది సగం తెగినా టైమింగ్ తప్పుతుంది.

ఈ పని కొత్త కుర్రాళ్లకు చాలామందికి తెలియదు. బజాజ్ చేతక్, ఆర్ఎక్స్ 100 బండ్లు బాగుచేసిన పాత మెకానిక్‌ను పట్టుకోండి. చైన్‌సా ఆయనకు కొత్తదైనా పాయింట్లు, వాటి పక్కనుండే కండెన్సర్ ఆయన చేతికి కొత్త కాదు. ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట వినకండి. రింగులు అరిగాయంటే ‘బోరు కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేద్దాం’ అంటారు. ఆర్ఎక్స్ సిలిండర్‌కు ఇనప స్లీవు ఉంటుంది కాబట్టి అక్కడ అది కుదురుతుంది. చాలా చైన్‌సాలకు అల్యూమినియం సిలిండర్ లోపల క్రోమ్ పూత ఉంటుంది, లేత్ ఎక్కిస్తే పూత లేచిపోయి సిలిండరే పనికిరాకుండా పోతుంది. దారానికి చిన్న అయస్కాంతం కట్టి లోపలికి వదలండి. గట్టిగా అంటుకుంటే స్లీవు ఉన్నట్టు.

కార్బురేటర్, పెట్రోలు దారి

నిప్పు వచ్చి, ప్లగ్గు పొడిగా ఉందంటే పెట్రోలు అందడం లేదు. ట్యాంకులోని పైపు వేలితో వంచి చూడండి, పగుళ్లుంటే మార్చేయండి. పవర్ స్ప్రేయర్లు అమ్మే వ్యవసాయ పనిముట్ల షాపుల్లో ఈ పైపు మీటర్ల లెక్కన దొరుకుతుంది, కొసన పెట్టే ఫిల్టరు కూడా అక్కడే.

కార్బురేటర్ విప్పేముందు ప్రతి పొరకూ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. డయాఫ్రమ్ (లోపల ఆడే పల్చటి పొర) చీరముక్కలా మెత్తగా ఉండాలి. ఎండుటాకులా గరగరమంటే దాని పని అయిపోయింది. మామూలుగా పెద్ద డయాఫ్రమ్ వైపు ముందు ప్యాకింగ్, ఆపైన డయాఫ్రమ్ వస్తాయి. పంపు వైపు ముందు డయాఫ్రమ్, ఆపైన ప్యాకింగ్. ఇవి తారుమారైతే మిషన్ ఎంత గుంజినా పలకదు. జెట్టు బెజ్జాల్లో తీగ పొడవొద్దు, గాలి కొట్టించండి. మూత వంగి లీకవుతుంటే 600 ఎమరీ కాగితాన్ని అద్దం ముక్క మీద పరిచి మూతను గుండ్రంగా రుద్దండి. కడప బండ కంటికి ఎంత సమంగా కనిపించినా ఈ పనికి సరిపోదు.

బిగించాక కార్బురేటర్ మీది ఎల్ (తక్కువ స్పీడు పెట్రోలు), హెచ్ (ఎక్కువ స్పీడు పెట్రోలు) స్క్రూలు రెండూ మెల్లగా ఆనేదాకా తిప్పి, ఒక్కో చుట్టు వెనక్కి వదలండి. స్టార్టు కావడానికి అది చాలు.

ఆయిల్ సీళ్లు

మిషన్ పక్కకు వంచగానే స్పీడు పెరుగుతుందా? యాక్సిలరేటర్ వదిలినా వెంటనే దిగదా? అయితే క్రాంకు షాఫ్టు రెండు కొసలా ఉండే ఆయిల్ సీళ్ల దగ్గర గాలి పీలుస్తోంది. పిస్టన్లు కాలేది ఎక్కువగా దీనివల్లే. క్లచ్ వైపు సీలు కావాలంటే క్లచ్ విప్పాలి. అది చాలా మిషన్లలో ఎడమ మర, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. కొత్త సీలు వేసేటప్పుడు స్ప్రింగు ఉన్న ముఖం ఇంజను వైపు ఉండాలి. షాఫ్టుకు పల్చటి టేపు చుట్టి జార్చండి, లేకపోతే కీ గాడి సీలు పెదవిని కోసేస్తుంది.

క్రాంక్‌కేస్ (క్రాంకు షాఫ్టు ఉండే ఇంజను బాడీ) పగిలితే వెల్డింగ్ షాపుకు పరిగెత్తకండి. చాలా మిషన్ల బాడీ మెగ్నీషియం, మామూలు గ్యాస్ మంటకు అది అంటుకుంటుంది. నీళ్లు పోస్తే ఇంకా మండుతుంది.

పార్టులు దొరికే దారి

కౌంటర్ ముందు నిలబడి మిషన్ పేరు చెబితే ‘రాదు సార్’ అనే జవాబే వస్తుంది. సైజు, నంబరు చెప్పి అడగండి.

బేరింగు పక్కన అంకెలుంటాయి. 6203 అంటే లోపల 17, బయట 40, మందం 12 మి.మీ. పక్కన సి3 (లోపల కాస్త ఎక్కువ వదులున్న రకం) అని ఉన్నదే అడగండి, లేనిది వేస్తే వేడెక్కినప్పుడు బిగుసుకుంటుంది. సీలు మీది మూడు అంకెలూ ఇదే వరసలో ఉంటాయి. ఇవి రెండూ మోటార్లు, పంపుసెట్ల బేరింగులు అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతాయి. ప్యాకింగులు కొనక్కర్లేదు. పాతదాని మందానికి సరిపోయే షీటు తెచ్చి, భాగం అంచు మీద పెట్టి చిన్న గుండ్రటి సుత్తితో తట్టుకుంటూ పోతే అదే ఆకారంలో తెగుతుంది. సిలిండర్ కింది ప్యాకింగ్ మాత్రం మందం మారకూడదు.

స్టిల్ (జర్మనీ చైన్‌సా కంపెనీ) పార్టులకు 11 అంకెల నంబరు ఉంటుంది. మొదటి నాలుగూ మోడల్ కుటుంబాన్ని చెబుతాయి: 070, 090 మోడళ్లకు 1106, 08కు 1108, 041కు 1110. 9తో మొదలయ్యేవి మామూలు స్క్రూలు, బేరింగులు, సీళ్లు, వాటికి కంపెనీ డబ్బా అక్కర్లేదు. 106 సీసీల 070కి నకలు మిషన్లు ఇప్పటికీ వస్తుండటంతో 58 మి.మీ. పిస్టన్, కార్బురేటర్, తాడు చక్రం అన్నీ కొత్తవి దొరుకుతాయి. నకలు పిస్టన్ కిట్టులో సర్క్లిప్పులు (పిస్టన్ పిన్ను జారకుండా పట్టే తీగ లాకులు) నాసిగా ఉంటాయి, మంచివి విడిగా కొనండి. రింగును సిలిండర్‌లో పెట్టి కొసల మధ్య సందు కొలవండి, 0.2 మి.మీ. అటూఇటుగా ఉండాలి. 08కి పార్టులు అరుదు. అదే ఇంజనుతో గుంతలు తవ్వే ఆగర్లు కూడా వచ్చాయి కాబట్టి పాత ఇనుము కొట్ల దగ్గర వాటిని కూడా అడగండి.

ఊళ్లో దొరకని పార్టులకు పెద్ద బజార్లు చూడాలి: కర్నూలు వాళ్లకు సికింద్రాబాద్ రాణిగంజ్, అనంతపురం వాళ్లకు బెంగళూరు జేసీ రోడ్డు, కడప వాళ్లకు చెన్నై దగ్గర. పాత భాగాన్ని స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటో పంపి, ఖాయమయ్యాకే డబ్బు కట్టండి. సామాను ఆర్టీసీ పార్సిల్లో వచ్చేస్తుంది.

చైను, పెట్రోలు, మొదటి కోత

చైను మీద వరసగా మూడు రివెట్ల మధ్య కొలిచి సగం చేస్తే పిచ్, అంటే చైను సైజు తెలుస్తుంది. మొత్తం 20.5 మి.మీ. వస్తే అది .404 అంగుళాల చైను, పాత 070లకు మామూలుగా ఇదే. దీనికి 5.5 మి.మీ. ఆకురాయి. స్ప్రాకెట్ (చైనును తిప్పే పళ్ల చక్రం) మీద అర మిల్లీమీటరు గాడి పడితే కొత్త చైను వేసినా త్వరగా పాడవుతుంది.

పాత ఇంజన్లకు లీటరు పెట్రోలుకు 40 మి.లీ. టూటీ ఆయిల్ కలపండి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది పాత రబ్బరును ఉబ్బిస్తుంది, నీటిని లాక్కుంటుంది. పని అయ్యాక ట్యాంకు వంచేసి, మిషన్ దానంతటదే ఆగేదాకా నడపండి.

వేడెక్కాక హెచ్ స్క్రూ సరిచూడండి. లోడు లేకుండా పూర్తి యాక్సిలరేటర్‌లో కొంచెం బుడబుడమంటూ తడబడాలి, మొద్దులో దించగానే శబ్దం శుభ్రపడాలి. ఖాళీగానే సన్నగా కీచుమని అరుస్తుంటే పెట్రోలు చాలడం లేదు, వెంటనే పావు చుట్టు వదలండి.

మొదటి కోతకు మెత్తటి వేప మొద్దు తీసుకోండి, చింత, తుమ్మ తర్వాత. పాత మిషన్లలో చాలావాటికి చైన్ బ్రేకు (మిషన్ ఎగిరితే చైనును ఆపే బ్రేకు) ఉండదు. బార్ ముక్కుతో కట్టె తాకిందంటే మిషన్ ముఖం మీదికి ఎగురుతుంది, దాన్ని ఆపేది మీ ఎడమ చేతి బొటనవేలు హ్యాండిల్ చుట్టూ బిగిసి ఉండటమే.