ఫ్రీ పాస్కల్‌లో యూనిట్ దొరకట్లేదా? నాకు ఇలా సెట్ అయింది

అనంతపురంలో ఒక శెనక్కాయల మండీ బిల్లింగ్ ప్రోగ్రామ్, పాతకాలం పాస్కల్ భాషలో రాసింది, విండోస్‌లో బాగానే నడిచేది. లినక్స్‌కి మార్చగానే యూనిట్ (వేరే ఫైల్‌లో ఉండే కోడ్ భాగం) దొరకలేదని ఫ్రీ పాస్కల్ కంపైలర్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేది) మొండికేసింది, ఫైలేమో ఎదురుగానే కనిపిస్తోంది! "ఏమప్పా, ఈరోజు బిల్లు కొడతామా లేదా" అని ఓనర్ ఒకటే టెన్షన్.

సంగతేంటంటే, లినక్స్‌లో ఫైల్ పేర్లకి చిన్నక్షరం, పెద్దక్షరం వేరు. యూజెస్‌లో (కావాల్సిన యూనిట్ల పేర్లు రాసే లైన్) రాసిన పేరును ఫ్రీ పాస్కల్ ముందు ఉన్నది ఉన్నట్టు, తర్వాత అన్నీ చిన్నక్షరాల్లో, ఆ తర్వాత అన్నీ పెద్దక్షరాల్లో వెతుకుతుంది, అంతే. అక్కడి ఫైల్ పేరు ఈ మూడింట్లో ఏదీ కాదు. పేర్లన్నీ చిన్నక్షరాల్లోకి మార్చేశా.

ఇక సోర్స్ ఫోల్డర్ నిండా పీపీయూ ఫైళ్లు (కంపైలైన యూనిట్లు), సంతే. పాతవి తీసేసి, సోర్స్ ఉన్న ఫోల్డర్‌ని పెద్ద ఎఫ్, చిన్న యు ఆప్షన్‌తో చూపించి, పెద్ద ఎఫ్, పెద్ద యు ఆప్షన్‌తో కంపైలైన యూనిట్లను వేరే ఫోల్డర్‌కి పంపా (ఆ ఫోల్డర్ ముందే చేసిపెట్టుకోండి).

బిల్లులు సేవ్ కానిది ఇంకో గొడవ. కొత్త ఫోల్డర్ ఏ ఫోల్డర్ లోపల రావాలో అది లేకపోతే, ఫోల్డర్ చేసే క్రియేట్‌డిర్ ఫంక్షన్ గమ్మున ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది. దాని బదులు ఫోర్స్‌డైరెక్టరీస్ పెడితే మధ్యలో లేనివి కూడా అదే చేసుకుంటుంది.