లైనక్స్ టెర్మినల్ పాఠాలు – 4: ఫాస్ట్‌ఫెచ్

పోయిన పాఠంలో ఆప్ట్ (ప్రోగ్రాములు ఎక్కించే, తీసేసే ఆదేశం) వాడటం చూశాం. ఈసారి సిస్టమ్ వివరాలన్నీ ఒక్క తెరమీద చూపించే ఫాస్ట్‌ఫెచ్ ఎక్కిద్దాం. ఆదేశాలను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాం, మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

పాత వీడియోలు చూసి, ఇదే పని చేసే నియోఫెచ్ ఎక్కించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అది బ్యాష్ (టెర్మినల్‌లో మన ఆదేశాలు చదివి నడిపే షెల్) స్క్రిప్టు. 2024 ఏప్రిల్‌లో గిట్‌హబ్‌లో (ప్రోగ్రాముల కోడ్ ఉంచే సైటు) ఆ ప్రాజెక్టును ఆర్కైవ్ చేసేశారు, అంటే ఇక మార్పులు చేయకుండా మూసేశారు. నడుస్తుంది గానీ దిద్దేవాళ్లు లేరు. ఫాస్ట్‌ఫెచ్‌ని సీ భాషలో రాశారు, ఎంటర్ కొట్టగానే వచ్చేస్తుంది.

డెబియన్ 13, ఉబుంటు 25.04, ఆ తర్వాతి వెర్షన్లలో సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాస్ట్‌ఫెచ్ అంటే చాలు. ఉబుంటు 24.04లో మాత్రం 'అన్‌ఏబుల్ టు లొకేట్ ప్యాకేజ్' (ప్యాకేజీ దొరకలేదు) అంటుంది. మీ స్పెల్లింగ్ తప్పు కాదు, ఆప్ట్ వెతికే ఆ వెర్షన్ రిపాజిటరీలోనే (ప్యాకేజీల గిడ్డంగి) అది లేదు. ప్రాజెక్టు గిట్‌హబ్ పేజీలో రిలీజెస్ నుంచి ఏఎండీ64 డెబ్ ఫైలు దించుకోండి (ఇంటెల్ ప్రాసెసర్‌కీ అదే). ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ తర్వాత చుక్క, స్లాష్, వెంటనే ఫైలు పేరు. చుక్క, స్లాష్ మరిచిపోతే ఆప్ట్ రిపాజిటరీలో వెతికి లేదనేస్తుంది.

ఇక అసలు పని. మామూలుగా వచ్చేదాంట్లో ఫాంట్, థీమ్, ఐకాన్ల గోలే ఎక్కువ. ఫాస్ట్‌ఫెచ్ పక్కన ఖాళీ వదిలి, రెండు హైఫన్లు, జెన్, హైఫన్, కాన్ఫిగ్ కొట్టండి. హోమ్‌లో చుక్క కాన్ఫిగ్ ఫోల్డర్ కింద, ఫాస్ట్‌ఫెచ్‌లో కాన్ఫిగ్.జేసన్‌సీ ఫైలు పుడుతుంది. నానోతో (టెర్మినల్‌లోనే ఫైళ్లు దిద్దే ఎడిటర్) తెరిస్తే మాడ్యూల్స్, అంటే తెరమీద ఒక్కో వివరం చూపే భాగాల, జాబితా కనిపిస్తుంది. ఓఎస్, సీపీయూ, మెమరీ, డిస్క్, బ్యాటరీ, లోకల్‌ఐపీ ఉంచి మిగతావి తీసేయండి. స్క్రీన్‌షాట్ ఎవరికైనా పంపేటప్పుడు లోకల్‌ఐపీ కూడా వద్దు.

మే నెలలో బెజవాడలో గది వేడికే ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరెత్తుతుంది. అందుకని సీపీయూ లైన్లో ఉష్ణోగ్రత పెట్టుకోవడం మంచిది. సీపీయూ అన్న ఒక్క మాటను కోట్స్‌తో సహా తీసేసి, మీసాల బ్రాకెట్ల మధ్య ఇలా రాయండి: "టైప్" కోలన్ "సీపీయూ", కామా, "టెంప్" కోలన్ ట్రూ. ట్రూకి కోట్స్ ఉండకూడదు. పెడితే అది ఉత్త మాట అవుతుంది, అవును అనే విలువ కాదు. బ్రాకెట్ మూశాక కామా జారవిడిస్తే ఫైలు మొత్తం చదవనంటుంది. ఎక్కువమంది తడబడేది ఈ కామా దగ్గరే. వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్‌లోపల నడిపే ఇంకో కంప్యూటర్) సెన్సర్ అందదు కాబట్టి అంకె రాకపోవచ్చు.

ప్రతి లైను ముందు వచ్చే లేబుళ్లు "కీ"తో తెలుగులోనూ పెట్టుకోవచ్చు. ముచ్చటగానే ఉంటుంది గానీ చాలా టెర్మినళ్లలో గుణింతాలు, ఒత్తులు విడిపోతాయి. మేమైతే ఇంగ్లీషులోనే ఉంచుతాం.

అరండల్‌పేటలోనో గవర్నర్‌పేటలోనో పాత ల్యాప్‌టాప్ బేరమాడేటప్పుడు ఇది బాగా అక్కరకొస్తుంది. 8 జీబీ అన్నది 7.6 దగ్గర కనిపిస్తే మోసం అనుకోకండి, కొంత మెమరీని గ్రాఫిక్స్, ఫర్మ్‌వేర్ ముందే పక్కన పెట్టుకుంటాయి. 3.7 కనిపిస్తే మాత్రం అడగండి.

టెర్మినల్ తెరిచినప్పుడల్లా రావాలంటే హోమ్‌లోని చుక్క బ్యాష్‌ఆర్‌సీ ఫైలు (బ్యాష్ మొదలవగానే చదివేది) చిట్టచివర ఫాస్ట్‌ఫెచ్ అని ఒక లైను చేర్చండి. పైన పెట్టకండి. ఇంటరాక్టివ్ షెల్లా (మనిషి కూర్చుని కొడుతున్నదా) కాదా అని చూసే భాగం ఉబుంటులో ఆ ఫైలు మొదట్లోనే ఉంటుంది. దానికన్నా ముందు ఏదైనా ప్రింట్ అయితే, ఆ మెషీన్‌కి ఎస్‌సీపీతో (నెట్‌వర్క్ మీద ఫైళ్లు కాపీ చేసే ఆదేశం) ఫైళ్లు పంపడం ఆగిపోతుంది.