పాత ఫోర్డ్ 8ఎన్: స్పార్క్ కనిపిస్తుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు

ఇక్కడ అమెరికాలో ఊరి బయట నాలుగెకరాలు కొనుక్కుని, గడ్డి కొట్టించడానికి పాత ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టర్ తెచ్చుకున్న మనవాళ్లు ఫోన్ చేస్తే మొదటి మాట ఒకటే: "అన్నా, స్పార్క్ వస్తోంది. అయినా స్టార్ట్ అవ్వట్లేదు." నేను అడిగేదీ ఒకటే: "ఎంత దూరం దూకుతోంది?" దానికి జవాబు ఉండదు. స్పార్క్ ప్లగ్ విప్పి, ఇంజిన్ మీద ఆనించి, సన్నగా మెరిస్తే చాలు కరెంటు బాగుందనుకుని అప్పటికే కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపేది) ముక్కలు చేసేసి ఉంటారు.

ఊళ్లో డీజిల్ ట్రాక్టర్ తోలినవాళ్లకి ఈ గొడవ కొత్త. అక్కడ ప్లగ్గే ఉండదు. 8ఎన్ మాత్రం 1947 నుంచి 1952 వరకు వచ్చిన పెట్రోల్ బండి. బ్యాటరీ 6 వోల్టులు, అందులోనూ పాజిటివ్ వైరు బాడీకి వెళ్తుంది. నేను చెప్పబోయేది డిస్ట్రిబ్యూటర్ (నాలుగు ప్లగ్గులకీ వంతులవారీగా కరెంటు పంచేది) ఇంజిన్ ముందు భాగంలో ఉండి, దాని నెత్తిన చదరపు కాయిల్ (బ్యాటరీ వోల్టేజీని స్పార్క్ దూకేంతగా పెంచేది) కూర్చునే రకం గురించి. అంతకుముందు వచ్చిన 9ఎన్, 2ఎన్‌లలోనూ ఇదే ఏర్పాటు. 1950లో డిస్ట్రిబ్యూటర్ పక్కకి మారింది. వాటికీ పరీక్ష ఇదే, కొలతలు వేరు.

ముందు ఈ పరీక్ష చెయ్యండి, తర్వాతే పానా పట్టండి

గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ఒక ప్లగ్ వైరు ఊడదీసి, దాని కొనలో చిన్న మేకు దూర్చండి. మేకు మొన, రంగు లేని ఇంజిన్ ఇనుము మధ్య 6 మిల్లీమీటర్లు ఖాళీ ఉంచాలి. వైరు చేత్తో పట్టుకోవద్దు. చెక్క బట్టల క్లిప్పుతో బిగించండి, లేదా ఖాళీ సర్దుకునే టెస్టర్ కొనుక్కోండి, ఖరీదేమీ కాదు. పెట్రోల్ కారుతున్న చోట ఈ పని వద్దు. బండిని నీడలోకి తోసి స్టార్టర్ తిప్పించండి.

నీలం తెలుపు కలిసిన నిప్పు 'టప్ టప్' మని వినపడేలా ఆ 6 మిల్లీమీటర్లూ దూకాలి. పసుపుగా, సన్నగా ఉండి, మేకుని ఇనుముకి దగ్గరకి జరిపితేనే దూకుతుంటే ఆ స్పార్క్ పనికిరాదు. ప్లగ్ ఖాళీ అంగుళంలో 25 వేయో వంతులు, అంటే మిల్లీమీటరులో సగం కన్నా కాస్త ఎక్కువ. బయట గాలిలో అంత చిన్న ఖాళీని చచ్చిన కాయిల్ కూడా దూకించగలదు. సిలిండర్ లోపల నొక్కుకుపోయిన గాలిని చీల్చాలంటే దానికి ఎన్నో రెట్లు బలం కావాలి. ప్లగ్ ఆనించి చూసే పద్ధతి మోసం చేసేది ఇక్కడే.

నాలుగు వైర్లలోనూ బలహీనంగా ఉంటే

ముందు మీటరు తెచ్చి బ్యాటరీ చూడండి. స్టార్టర్ తిరుగుతున్నప్పుడు 5 వోల్టుల కన్నా కిందకి పడిపోతుంటే ఉన్న కరెంటంతా స్టార్టరే తినేస్తోంది, కాయిల్‌కి మిగలట్లేదు. కారుకి వేసే సన్న కేబుళ్లు 6 వోల్టుల బండికి చాలవు, బొటనవేలంత లావువి వెయ్యాలి. బాడీకి వెళ్లే చివర తుప్పు గీకి మెరిసేలా చెయ్యండి. నా లెక్కలో సగం ఫోన్లు ఇక్కడితో తీరిపోతాయి.

తర్వాత పాయింట్లు, అంటే డిస్ట్రిబ్యూటర్ లోపల మూసుకుంటూ తెరుచుకుంటూ కాయిల్ కరెంటుని తెంచే చిన్న స్విచ్చు. డిస్ట్రిబ్యూటర్ రెండు బోల్టులు విప్పి బయటికి తీసి, బల్ల మీద పెట్టి చూసుకోండి. వాటి మధ్య ఖాళీ అంగుళంలో 15 వేయో వంతులు ఉండాలి. కొత్త పాయింట్లకి నూనె పొర ఉంటుంది, శుభ్రమైన అట్టముక్క మధ్యలో పెట్టి లాగెయ్యండి. లోపలి రాగి పట్టీ బాడీకి తగులుతోందేమో కూడా చూడండి. తగిలితే స్పార్క్ అసలే రాదు.

ఒక్క వైరులోనే బలహీనంగా ఉంటే తప్పు ఆ వైరుది, లేదా డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌లో ఆ వైరు కూర్చునే గడిది. తడి ఉంటే తుడవండి, పగిలితే మార్చండి.

అరగంట నడిచి ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ లేస్తుంది

నన్ను ఒక వేసవంతా ఏడిపించింది ఇదే. నేను కొన్న బండిని అంతకుముందు ఎవరో 12 వోల్టులకి మార్చారు. పొద్దున్నే ఒక్క తాపుకి లేచేది. గడ్డి సగం కొట్టాక ఎవరో తాళం తిప్పేసినట్టు ఆగిపోయేది. ఒక గంట చెట్టు కింద కూర్చుని వస్తే మళ్లీ బాగానే లేచేది. పెట్రోల్ అందట్లేదనుకుని ట్యాంకు కడిగాను, ఫిల్టరు మార్చాను, కార్బురేటర్ రెండుసార్లు విప్పాను. చివరికి కాయిల్ మార్చాను. నెల రోజులు బ్రహ్మాండంగా నడిచి, మళ్లీ అదే కథ. ఇంకో కాయిల్ వేశాను. అది మూడు వారాలకే పోయింది. దాన్ని విప్పినప్పుడు అడుగున నల్లటి తారు బొట్టు కట్టి ఉంది, వేలికి సాగింది. ఎండాకాలం రోడ్డు వేస్తున్నప్పుడు వచ్చే వాసన. కాయిల్ లోపల కాలిపోతోందని అప్పుడు తెలిసింది.

డాష్ వెనక చెయ్యి పెట్టి వెతికితే దొరికింది. ఈ బండ్లలో తాళానికీ కాయిల్‌కీ మధ్య కరెంటుని తగ్గించే ఒక రెసిస్టర్ ఉంటుంది. 6 వోల్టుల బండిలోనూ ఉంటుంది, తయారైనప్పటి నుంచీ. నా బండిలో రెండు వైర్లూ ఒకే బోల్టు కింద బిగించేశారు. రెసిస్టర్ అక్కడే ఉంది కానీ దానిగుండా ఏమీ పోవట్లేదు. చూడగానే అన్నీ సరిగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది.

అందుకే మీరు కాయిల్ కొనే ముందు ఈ కొలత తీసుకోండి. తాళం ఆన్ చేసి, మీటరు ఒక తీగ కాయిల్ పైన ఉన్న బోల్టుకి, రెండోది బాడీకి పెట్టండి. పాయింట్లు తెరుచుకుని ఉంటే బ్యాటరీ వోల్టేజీ మొత్తం కనిపిస్తుంది, దాన్ని పట్టించుకోవద్దు. స్టార్టర్ కొద్దికొద్దిగా తట్టి పాయింట్లు మూసుకునే చోట ఆపండి. 6 వోల్టుల బండికి అప్పుడు 3.5 దగ్గర చూపించాలి. మూసుకున్నా బ్యాటరీ అంతా చూపిస్తుంటే రెసిస్టర్‌ని ఎవరో దాటేసి ఉండొచ్చు. కొలవడం అవగానే తాళం తీసెయ్యండి. పాయింట్లు మూసి ఉండగా తాళం ఆన్‌లో వదిలేసినా కాయిల్ ఉడికిపోతుంది.

12 వోల్టులకి మార్చిన బండికి 12 వోల్టుల కాయిల్ వేసి, పాత రెసిస్టర్ కూడా ఉంచండి. 6 వోల్టుల కాయిలే ఉంచాలంటే పాతదానికి తోడు ఒక ఓమ్ రెసిస్టర్ ఇంకోటి వరసలో కలపాలి. పాయింట్ల గుండా 4 ఆంపియర్ల కన్నా ఎక్కువ పోకూడదు. నేను మొదటి పద్ధతి చేశాను. ఆ కాయిల్ మూడు వేసవులుగా అలాగే ఉంది.

అయితే ఆగిపోయిన ప్రతిసారీ కాయిల్‌దే తప్పు కాదు. పెట్రోల్ ట్యాంకు మూతకి ఉన్న చిన్న రంధ్రం మూసుకుపోయినా లక్షణాలు అచ్చం ఇవే. తేడా తెలియాలంటే బండి ఆగిన వెంటనే, వేడి మీదే, 6 మిల్లీమీటర్ల పరీక్ష చెయ్యాలి. చల్లారనిచ్చారో, ఆధారం పోయినట్టే. నేను మేకూ క్లిప్పూ సీటు కింద డబ్బాలో పెట్టుకుని తిరుగుతాను. వేడిలోనూ నీలంగా దూకితే ట్యాంకు మూత వదులు చేసి చూడండి. దూకకపోతే కాయిల్.

కండెన్సర్ (పాయింట్లు మాడకుండా కాపాడేది) పోయిందని చాలామంది ముందు దాన్నే మారుస్తారు. పోవడం అరుదు. పాయింట్లు నల్లగా మాడి గుంటలు పడితే మార్చండి, లేకపోతే వదిలెయ్యండి. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్‌ని పట్టి ఉంచే బుషింగ్ అరిగితే, షాఫ్ట్ తిరిగేకొద్దీ పాయింట్ల ఖాళీ ఒక్కో చోట ఒక్కో రకంగా వస్తుంది. అదీ ఎప్పుడో గానీ తగలదు.

డిస్ట్రిబ్యూటర్ తిరిగి పెట్టేటప్పుడు షాఫ్ట్ చివరి నాలుక ఒక్క వైపే కూర్చుంటుంది. మధ్యకి కాకుండా ఒక పక్కకి జరిపి చేశారు దాన్ని. కూర్చోకపోతే షాఫ్ట్‌ని చేత్తో తిప్పుతూ మెల్లగా నొక్కండి. బోల్టులు బిగించి లోపలికి లాగాలని చూస్తే డిస్ట్రిబ్యూటర్ బాడీ చెవులు విరుగుతాయి.