జెలటిన్ పొర తగిలి ఎర్రకణాలు పగిలిపోతుంటే: నా అనుభవం

భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెరిగే శీలావతి, బొచ్చె చేపల పొలుసుల నుంచి జెలటిన్ అనే ప్రోటీన్ తీసి, గాయాల మీద వేసే పొరలు చేస్తున్నాం. రక్తం తగిలే వస్తువు కాబట్టి హీమోలిసిస్ (ఎర్రకణాలు పగిలిపోవడం) పరీక్ష తప్పదు. ఎర్రకణాలు పగిలితే బయటికొచ్చే హీమోగ్లోబిన్‌ని 540 నానోమీటర్ల కాంతి దగ్గర కొలుస్తాం. ఏఎస్‌టీఎం ఎఫ్756 అనే పరీక్షా ప్రమాణం ప్రకారం హీమోలిసిస్ 2 శాతం లోపు ఉంటే నిశ్చింత, 5 దాటితే కణాల్ని పగలగొట్టే పదార్థమే. మాది 5 దాటింది.

అందరి అనుమానమూ క్రాస్‌లింకర్ మీదే, అంటే జెలటిన్ అణువుల్ని ఒకదానికొకటి కట్టిపడేసే రసాయనం మీదే. అది లేకపోతే ఒంటి వేడికే జెలటిన్ కరిగిపోతుంది మరి. కానీ మేం వాడుతున్నది గ్లుటరాల్డిహైడ్ అనే క్రాస్‌లింకర్ కన్నా విషగుణం బాగా తక్కువున్న జెనిపిన్.

అసలు కారణం కడిగే నీళ్లలో ఉంది. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగిన పొర స్పాంజిలా ఉబ్బి, ఆ నీటిని పరీక్షలోని సెలైన్‌లోకి వదులుతోంది. ఉప్పు పలచబడితే ఎర్రకణాలు నీరు పీల్చుకుని పగులుతాయి. కడిగాక పొరని 0.9 శాతం సెలైన్‌లో రాత్రంతా నానబెట్టి, మధ్యమధ్య సెలైన్ మార్చి, పీహెచ్ 7.4 దగ్గరుందో లేదో చూసుకున్నాం. అంకె 2 లోపుకి దిగింది. ఎంత సంతోషమో!

ఇంకో జాగ్రత్త: జెనిపిన్ పొరని నీలంగా మారుస్తుంది. ఆ రంగు దిగితే రీడింగ్ పెరుగుతుంది, అందుకే రక్తం కలపకుండా పొర, సెలైన్ మాత్రమే ఉన్న గొట్టం ఒకటి పక్కన పెట్టి దాని విలువ తీసెయ్యండి.

జెలటిన్‌కి ప్లేట్‌లెట్లు అతుక్కుంటాయి. గాయానికి అది మేలే, రక్తనాళాలకి బదులు వాడే గొట్టాలకైతే గడ్డకట్టే పరీక్షలు విడిగా చెయ్యాలి.