బరంపురం, రాయగడ టీములకు స్క్రమ్: మొదటి స్ప్రింట్ ఇలా

స్క్రమ్ అంటే సాఫ్ట్‌వేర్ పనిని చిన్న చిన్న విడతలుగా చేసే పద్ధతి; ఒక్కో విడతే స్ప్రింట్. పదిమందికి మించని టీముతో, రెండు వారాల స్ప్రింట్‌తో మొదలుపెట్టండి. నెల దాటితే అది స్ప్రింటే కాదు. అందులో ఏ పనులు చేయాలో తేల్చుకునే ప్లానింగ్‌కు నాలుగు గంటలు చాలు.

ముందు లెక్క వేయండి. ఐదుగురు, పది పనిరోజులు: 50 రోజులు. మధ్యలో రథయాత్రకో సంక్రాంతికో అందరూ రెండేసి రోజులు ఊరెళ్తే మిగిలేది 40. మీటింగులు, హఠాత్తుగా వచ్చే బగ్‌లు పోను 28 రోజుల పనే ఒప్పుకోండి. కొత్త టీములు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే: 50కి మాటిచ్చి, స్ప్రింట్ చివర పని చూపించే రివ్యూకి సగం సగం పనులతో వస్తారు.

‘తొంభై శాతం అయింది’ అనే మాటను పనుల కార్డులు పెట్టే బోర్డు మీదికి రానివ్వకండి. కోడ్ రివ్యూ (రాసిన కోడ్‌ను మరొకరు చూడటం), టెస్టింగ్ పూర్తయితేనే ‘అయింది’. ఈ నిర్వచనాన్ని తెలుగు, ఒడియా రెండింటిలో రాసి గోడకు అంటించండి. అర్థం తేడా వస్తే గొడవ చివరి రోజున బయటపడుతుంది.

డైలీ స్క్రమ్ అనే చిన్న మీటింగు రోజూ ఒకే వేళకు, పదిహేను నిమిషాలు. అది మేనేజరుకు హాజరు చెప్పుకోవడం కాదు. ఎవరి పని ఎక్కడ ఆగిందో డెవలపర్లు ఒకరికొకరు చెప్పుకోవాలి. పరిష్కారం మీద చర్చ తర్వాత, సంబంధమున్న ఇద్దరే కూర్చుని చేసుకోవాలి.

మధ్యలో కస్టమర్ కొత్త పని అడిగితే ఏ పని ముందో తేల్చే ప్రోడక్ట్ ఓనర్ దగ్గరికే పంపండి. అది స్ప్రింట్‌లోకి రావాలంటే అంతే పని బయటికి పోవాలి.

స్ప్రింట్ చివర మన పనితీరును చూసుకునే రెట్రోస్పెక్టివ్‌లో ఒక్క మార్పే ఎంచుకుని, తర్వాతి స్ప్రింట్ బోర్డు మీద మొదటి కార్డుగా పెట్టండి.