కారుకు ఆంప్ (యాంప్లిఫయర్) పెట్టించుకునే ముందు బ్యాటరీ పక్కన ఫ్యూజ్ ఉందో లేదో చూసుకోండి

ఎండలు ముదిరితే చాలు, రోడ్డు పక్కన కారు నిలువునా కాలిపోతున్న వీడియోలు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. కింద ‘షార్ట్ సర్క్యూట్’ అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. ఆ షార్ట్ ఎక్కడ పుట్టిందో ఎవరూ చెప్పరు. బయట మ్యూజిక్ సిస్టమ్ పెట్టించిన కారైతే మాత్రం మొదట అనుమానించాల్సింది బ్యాటరీ నుంచి డిక్కీ దాకా పోయే ఎర్ర వైరునే. రోహిణి కార్తె రాకముందే, తిరుపతిలోనో చిత్తూరులోనో తక్కువ బడ్జెట్‌లో స్పీకర్లు, ఆంప్ మార్పించుకోవాలనుకునేవాళ్లు ఇది చదివి వెళ్లండి.

ఆ ఒక్క తప్పు

‘ఆంప్‌కే ఫ్యూజ్ ఉంది కదన్నా, మళ్లీ ఇంకొకటెందుకు?’ దుకాణంలో ఈ మాట వినబడితే అక్కడే ఆగండి. ఆంప్ మీదున్న ఫ్యూజ్ ఆంప్‌ను కాపాడుతుంది. వైరును కాపాడదు. బ్యాటరీ నుంచి ఆంప్ దాకా నాలుగైదు మీటర్ల వైరు ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్యనున్న ఫైర్‌వాల్ రేకులోంచి, కార్పెట్ కిందుగా, సీటు పట్టాల పక్కగా పోతుంది. దారిలో ఎక్కడైనా దాని తొడుగు చిరిగి బాడీకి తగిలితే కరెంటు అక్కడి నుంచే తిరిగి బ్యాటరీకి పోతుంది. అది ఆంప్ దాకా రానే రాదు, అక్కడి ఫ్యూజ్‌కు ఏం జరిగిందో కూడా తెలియదు. చిన్న కారు బ్యాటరీ కూడా షార్ట్ అయితే క్షణంలో వందల ఆంపియర్లు తోసేస్తుంది. వైరు ఎర్రగా కాలి, తొడుగు కరిగి, కార్పెట్ అంటుకుంటుంది. ఇంజిన్ ఆపినా ఆగదు, ఎందుకంటే ఆ వైరు తాళంచెవితో పనిలేకుండా నేరుగా బ్యాటరీకే బిగించి ఉంటుంది.

అందుకే బ్యాటరీ ప్లస్ నుంచి వైరు పొడవున 18 అంగుళాల లోపు, అంటే 45 సెం.మీ. లోపే ఫ్యూజ్ ఉండాలి. ఎంత దగ్గరుంటే అంత మంచిది. ఆ ఫ్యూజ్ సైజు ఎప్పుడూ వైరు మోయగలిగిన దాన్ని మించకూడదు. ఫ్యూజ్ పోతోందని పెద్దది వేస్తే, ఈసారి కాలేది వైరే.

వైరు లెక్క

డబ్బా మీది ‘1200 వాట్లు’ చూసి లెక్క వేయకండి. ఆర్‌ఎంఎస్ చూడండి, అంటే ఆంప్ ఆగకుండా ఇవ్వగలిగే అసలు వాట్లు. ఒక్కో ఛానల్‌కు 50 వాట్ల ఆర్‌ఎంఎస్ ఇచ్చే నాలుగు ఛానళ్ల క్లాస్ డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్ పూర్తి మోతలో దాదాపు 18 ఆంపియర్లు లాగుతుంది. ఎక్కువ వృథా చేసే క్లాస్ ఏబీ రకమైతే 30 దాకా పోతుంది. రెండింటికీ 8 గేజ్ (వైరు మందం కొలత) అసలు రాగి వైరు, 40 ఆంపియర్ల ఫ్యూజ్ సరిపోతాయి. అసలు రాగి అని ఒత్తి చెప్పడానికి కారణముంది. చవక కిట్లలో వచ్చేది ఎక్కువగా రాగి పూత వేసిన అల్యూమినియం. అది అంతే లావు రాగి మోసే కరెంటును మోయలేదు, త్వరగా వేడెక్కుతుంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే ఆ కిట్ వెనక్కిచ్చేయండి.

బడ్జెట్ 15,000 అనుకుంటే అందులో 2,500 వైరుకూ ఫ్యూజ్‌కూ ముందే పక్కన పెట్టండి. స్పీకర్లో ఒక మెట్టు తగ్గినా ఫరవాలేదు, దీంట్లో తగ్గొద్దు.

ఫైర్‌వాల్ దగ్గర

డ్రిల్లు వేసిన రేకు అంచు కత్తిలా ఉంటుంది. రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు రింగు, అంటే గ్రోమెట్, లేకుండా వైరు దూర్చితే తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద వైరు ఆ అంచుకు రాసుకుంటూనే ఉంటుంది. కొన్నాళ్లకు ఎర్ర తొడుగు మీద వెంట్రుకవాసి గీత పడి, దాంట్లోంచి రాగి కనబడుతుంది. టేపు చుట్టినా లాభం లేదు, బానెట్ కింది వేడికి జిగురు కరిగి జారిపోతుంది. గ్రోమెట్ వేయండి, వైరు మీద స్ప్లిట్ కండ్యూట్ (పొడవునా చీల్చిన ప్లాస్టిక్ గొట్టం) తొడగండి. అన్నీ సరిగ్గా చేసినా బ్యాటరీ పక్కన ఫ్యూజ్ లేకపోతే రక్షణ లేనట్టే.

ఇక మిగిలినవి వరసగా:

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ విప్పించండి. చివర్లోనే బిగించాలి.

పసుపు రంగు కనెక్టర్లను ముట్టుకోనివ్వొద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు కేబుళ్ల జోలికే వెళ్లొద్దు.

ఆంప్ ఎర్త్ వైరు అర మీటరు మించకూడదు. గేజ్ ప్లస్ వైరుదే. పెయింటు గీకి, మెరిసే రేకుకు బోల్టు వేయాలి. సీటు బెల్టు బోల్టుకు మాత్రం వద్దు.

ఆంప్‌ను ఆన్ చేసే రిమోట్ వైరును నేరుగా బ్యాటరీకి కలపొద్దు. ఆంప్ ఆరదు, పొద్దున కారు స్టార్ట్ కాదు.

కంపెనీ వైరింగ్ కోయనివ్వొద్దు. మీ మోడల్‌కు సరిపడే కప్లర్ (వైరు కోయకుండా కలిపే సాకెట్) కొనండి.

ఆంప్‌ను బేస్ బాక్సుకు బిగించొద్దు. మ్యాట్ కింద పెట్టొద్దు. చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదలండి.

డోర్ అదురు తగ్గించే డ్యాంపింగ్‌కు బ్యూటైల్ (రబ్బరు రకం) షీటే. తారు షీటు మన ఎండకు మెత్తబడి జారుతుంది. డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూయొద్దు.

స్పీకర్ బిగించే ముందు అద్దం పూర్తిగా దించి చూడండి, అయస్కాంతానికి తగలకూడదు.

డోర్ స్పీకర్లకు హైపాస్ (లోతైన బేస్‌ను ఆపే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. ఆంప్ మీది గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కు ఆంప్‌ను సరిపెట్టే మర. దాన్ని తిప్పేటప్పుడు 50 వాట్లు, 4 ఓమ్‌ల స్పీకర్‌కైతే ఆంప్ స్పీకర్ పిన్నుల దగ్గర మల్టీమీటర్‌లో 14 వోల్టులు దాటనివ్వొద్దు, అదీ స్పీకర్లు విప్పి, టెస్ట్ టోన్ పెట్టి.

గాజు గొట్టం ఫ్యూజ్ వద్దు. అదురుకు హోల్డర్ వదులై వేడెక్కుతుంది. బ్లేడు ఫ్యూజో, బోల్టుతో బిగించే మినీ ఏఎన్ఎల్ రకం ఫ్యూజో తీసుకోండి.

బ్యాటరీ దగ్గర ఫ్యూజ్. మళ్లీ చెబుతున్నాం, బ్యాటరీ దగ్గర.

కాలిన వాసన వస్తే కారు ఆపి ముందు పిల్లల్ని దించండి. పొగ కనబడితే బానెట్ ఎత్తొద్దు, గాలి తగిలి మంట లేస్తుంది. దూరంగా నిలబడి 101కి ఫోన్ చేయండి.

డబ్బులిచ్చే ముందు పాట పెట్టి, మీ ఎదురుగా బ్యాటరీ పక్కనున్న ఫ్యూజ్ తీయించండి. ఆంప్ లైటు వెంటనే ఆరిపోవాలి. ఆరకపోతే ఫ్యూజ్ లేని వైరు ఇంకొకటి ఎక్కడో బ్యాటరీకి కలిపి ఉంది. అది దొరికేదాకా కారు అక్కడి నుంచి కదిలించొద్దు.