కంప్లీట్ డెంచర్: కింది సెట్టు నిలవాలంటే ఎక్కడెక్కడ జాగ్రత్త పడాలి

"పైది బాగానే పట్టుకుంది డాక్టరు గారూ, కిందిదే తేలిపోతోంది." పళ్లు కట్టించుకున్నవాళ్ల నుంచి తరచూ వినబడే మాట ఇది. పై దవడలో డెంచర్ (పళ్లసెట్టు) ఆనుకునే చోటు సుమారు 23 చదరపు సెంటీమీటర్లు ఉంటే, కింద 12 మాత్రమే. పైగా నాలుక లోపలి నుంచి, బుగ్గ, పెదవి బయటి నుంచి నెడుతూనే ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ కింది రిడ్జ్ (పళ్లు ఊడాక మిగిలే దవడ గట్టు) పైదానికి సుమారు నాలుగు రెట్లు ఎక్కువ అరుగుతుంది. కాబట్టి ప్రతి దశలోనూ ముందు కింది సెట్టు సంగతి చూసుకోండి.

ఇంప్రెషన్ (నోటి అచ్చు) తీసే ట్రే పట్టుకునే ముందు నోరంతా వేలితో తడిమి చూడాలి. రిడ్జ్ మీది కండ వదులుగా ఊగుతోందా, మైలోహయాయిడ్ రిడ్జ్ (కింది దవడ లోపలి వైపు ఎముక గీత) పదునుగా ఉందా, నోరు ఎండిపోతోందా అన్నవి రాసిపెట్టుకోండి. పాత సెట్టు వాడుతున్నవాళ్లు ఇంప్రెషన్‌కు ముందు కనీసం ఒక రోజంతా దాన్ని తీసి ఉంచితే నలిగిన చిగురు మామూలు ఆకారానికి వస్తుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ తాగే ఆడవాళ్లు వస్తే అంగిలిని మరింత శ్రద్ధగా చూడాలి. చుట్ట నిప్పు లోపలే ఉంటుంది కాబట్టి అక్కడ తెల్లటి, ఎర్రటి మచ్చలు, పుండ్లు ఏర్పడే అవకాశం ఎక్కువ. అనుమానం కలిగితే డెంచర్ పని ఆపి, ముందు ఓరల్ మెడిసిన్ (నోటి జబ్బుల) విభాగానికి పంపండి.

ఇంప్రెషన్

ప్రైమరీ (మొదటి) ఇంప్రెషన్‌కు కాంపౌండ్‌ను (వేడికి మెత్తబడే అచ్చు పదార్థాన్ని) 60 డిగ్రీల దగ్గరున్న నీళ్లలో మెత్తబరిచి, ముద్ద అంతా ఒకే తీరుగా అయ్యేదాకా పిసకాలి. బయట మెత్తగా, లోపల గట్టిగా ఉంటే అంచు సరిగ్గా రాదు. దాంట్లో ప్లాస్టర్ పోసి తీసిన కాస్ట్ (దవడ నమూనా) మీద స్పేసర్ మైనం పరిచి, సెల్ఫ్ క్యూర్ (వేడి లేకుండా గట్టిపడే) యాక్రిలిక్‌తో స్పెషల్ ట్రే చేయాలి. మందం 2 మి.మీ., అంచు సల్కస్ (రిడ్జ్‌కూ బుగ్గ, పెదవికీ మధ్య మడత) అడుగుకు 2 మి.మీ. తక్కువ. ఆ ఖాళీ గ్రీన్ స్టిక్ (అంచు అచ్చుకు వాడే కాంపౌండ్ కడ్డీ) కోసం. ట్రే అంచు సల్కస్ దాకా పొడుగ్గా ఉంటే గ్రీన్ స్టిక్ ఎంత పెట్టినా కండరం కదలిక అందులో పడదు, ట్రే గట్టిదనమే పడుతుంది. హ్యాండిల్ పెదవిని నెట్టకుండా నిటారుగా లేవాలి.

బోర్డర్ మౌల్డింగ్ (కండరాల కదలికతో ట్రే అంచును మలచడం) దగ్గర తొందర పనికిరాదు. గ్రీన్ స్టిక్‌ను మంట మీద మెత్తబరిచి, గోరువెచ్చని నీళ్లలో ఒకసారి ముంచాకే నోట్లో పెట్టండి, లేకపోతే చిగురు కాలుతుంది. అలవాటు పడేదాకా అంచును కొద్దికొద్ది భాగాలుగా చేయడం మంచిది. కింద ముందు భాగానికి పెదవిని బయటికి, పైకి, లోపలికి కదపాలి. బుగ్గ భాగానికీ అంతే. వెనక మూలలో మాసెటర్ (దవడ మూసే బుగ్గ వెనక) కండరం అచ్చు పడాలంటే మీ వేళ్లు ట్రేను కిందికి నొక్కి పట్టుకుని ఉండగా పేషెంట్‌ను నోరు మూసే ప్రయత్నం చేయమనాలి. లోపలి వైపు కోసం "నాలుక బయటికి చాపండి, అటు బుగ్గకు ఆనించండి, ఇటు ఆనించండి, ఇప్పుడు కొస అంగిలికి తాకించండి" అని నింపాదిగా చెప్పాలి. విద్యార్థులు ఎక్కువగా తప్పేది ఈ లోపలి అంచు దగ్గరే. నాలుక ఎత్తేస్తుందేమోనన్న భయంతో పొట్టిగా వదిలేస్తారు. అప్పుడు సీల్ (గాలి దూరకుండా అంచు పట్టే పట్టు) తెగిపోయి, నాలుక అంచు కిందికి దూరి సెట్టునే లేపుతుంది. వెనక రెట్రోమోలార్ ప్యాడ్‌ను (రిడ్జ్ చివరన ఉండే మెత్తటి దిమ్మను) కప్పాలి. రిడ్జ్ అరిగినంతగా అది అరగదు.

అంచు అంతా గుండ్రంగా, మెరుపు లేకుండా, 2 నుంచి 3 మి.మీ. మందంతో రావాలి. మెరుస్తోందంటే కండరం అక్కడ తాకలేదన్నమాట, మళ్లీ వేడిచేయండి. తర్వాత ట్రే నోట్లో ఉండగా నాలుక కొసను కింది పెదవి దాకా చాపమనండి. ట్రే లేస్తే ఆ లోపలి అంచు పొడుగైంది. ఈ పరీక్ష నెగ్గేదాకా పేస్ట్ కలపవద్దు.

ఆ తర్వాత లోపలి స్పేసర్ మైనం తీసేసి, పెదవులకు వాజలిన్ రాసి, జింక్ ఆక్సైడ్ యూజినాల్ పేస్ట్ రెండు గొట్టాల నుంచి సమాన పొడవు తీసుకుని, ఒక నిమిషంలోపు రంగు ఒకటయ్యేలా కలపండి. పేస్ట్‌ను పలచగా పరిచి, ఇంతకుముందు చేయించిన కదలికలన్నీ మళ్లీ చేయించండి. పేస్ట్ చీలి ట్రే బయటపడిన చోట ఒత్తిడి పడింది. అక్కడ గీకి మళ్లీ తీయాలి. నోరు ఎండిపోయే పేషెంట్‌కు ఈ పేస్ట్ మంట పుట్టిస్తుంది, అంటుకుంటుంది కూడా. వాళ్లకు లైట్ బాడీ సిలికాన్ మేలు. స్టోన్ (గట్టి ప్లాస్టర్) పోసే ముందు తప్పకుండా బాక్సింగ్ చేయండి (ఇంప్రెషన్ చుట్టూ మైనంతో గోడ కట్టండి), లేకపోతే ఇంత కష్టపడి తెచ్చిన అంచు కాస్ట్ ట్రిమ్మర్ కింద పోతుంది. 100 గ్రాముల స్టోన్‌కు 28 నుంచి 30 మి.లీ. నీళ్లు చాలు.

జా రిలేషన్ (పై, కింది దవడల సంబంధం)

పై రిమ్ (పళ్ల స్థానంలో బేస్ పలక మీద కట్టే మైనపు గోడ) పెదవి కింద 1 నుంచి 2 మి.మీ. కనబడాలి. ముందు భాగం కనుపాపల గీతకు, వెనక భాగం ముక్కు రెక్క నుంచి చెవి దాకా వెళ్లే గీతకు సమాంతరంగా ఉండాలి. కింది రిమ్ వెనక ఎత్తు రెట్రోమోలార్ ప్యాడ్‌లో మూడింట రెండు వంతుల దగ్గర ఆగాలి.

ఇక వర్టికల్ డైమెన్షన్, అంటే ముఖం కింది భాగం ఎత్తు. ముక్కు కొస మీద, గడ్డం మీద ఒక్కో చుక్క పెట్టి, "అమ్మ" అనమని, పెదవులు అలాగే వదులుగా ఉంచమని కొలవండి. ఆ కొలతలోంచి 2 నుంచి 4 మి.మీ. తీసేస్తే రిమ్‌లు కలిసినప్పటి ఎత్తు వస్తుంది. ఒక్క కొలతను నమ్మకుండా మూడుసార్లు తీయండి. తర్వాత రిమ్‌లు నోట్లో ఉండగా "ససేమిరా" అనిపించండి. "స" పలికేటప్పుడు రెండింటి మధ్య 1 నుంచి 2 మి.మీ. సందు ఉండాలి. అక్కడే రిమ్‌లు తాకుతుంటే ఎత్తు ఎక్కువైంది. ఆ ఎత్తుతోనే సెట్టు తయారైతే మాట్లాడుతుంటే టకటక శబ్దం వస్తుంది, సాయంత్రానికి దవడ లాగుతుంది, రిడ్జ్ అంతా మండుతుంది. ఎత్తు తగ్గితే ముఖం ముడుచుకుపోతుంది, నోటి మూలలు చిట్లుతాయి.

సెంట్రిక్ రిలేషన్ (కింది దవడ వెనక్కి, సహజ స్థానంలో ఉన్నప్పటి సంబంధం) కోసం నాలుక కొసను అంగిలి వెనక్కి తాకించి మెల్లగా మూయమనండి. గట్టిగా కొరకమని ఎప్పుడూ చెప్పవద్దు, మైనం ఒక వైపు కుంగుతుంది, బేస్ జరుగుతుంది. ఇక్కడ దాగి ఉండే ప్రమాదం, రెండు బేస్‌ల వెనక కొసలు ఒకదానికొకటి తగలడం. నోట్లో అది కనబడదు, రికార్డ్ సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆర్టిక్యులేటర్‌కు (దవడ కదలికలను అనుకరించే పరికరానికి) బిగించే ముందు కాస్ట్‌ల మీద అక్కడ సందు ఉందో లేదో చూసుకోండి.

పళ్లు పేర్చడం, ప్రాసెసింగ్

కింది వెనక పళ్ల మధ్య గాడి, కెనైన్ (కోర పన్ను) కొస నుంచి రెట్రోమోలార్ ప్యాడ్ మధ్యకు గీసిన గీత మీద రావాలి. లోపలికి జరిపితే నాలుకకు చోటు తగ్గి సెట్టు లేస్తుంది. రిడ్జ్ పైకి వాలే చోట పన్ను పెడితే ప్రతి నములుడుకూ సెట్టు ముందుకు జారుతుంది. చోటు చాలకపోతే ఒక పన్ను తగ్గించండి. ట్రై-ఇన్‌లో (మైనం సెట్టును నోట్లో పెట్టి చూసేటప్పుడు) "ఫ" అనిపించి, పై ముందు పళ్ల అంచు కింది పెదవి తడి, పొడి కలిసే చోట తాకుతోందో లేదో చూడండి. పేషెంట్‌కూ ఇంట్లోవాళ్లకూ అద్దంలో చూపించి ఒప్పుకున్నాకే ఫ్లాస్కింగ్‌కు (ఫ్లాస్క్ అనే లోహపు పెట్టెలో సెట్టును అమర్చడానికి) వెళ్లాలి.

యాక్రిలిక్ పొడి, ద్రవం (మోనోమర్) ఘనపరిమాణంలో 3:1. పిండి దశకు వచ్చాకే ప్యాక్ చేయాలి. 74 డిగ్రీల దగ్గర రెండు గంటలు, తర్వాత మరిగే నీళ్లలో ఒక గంట. మొదటే మరిగిస్తే మోనోమర్ 100.8 డిగ్రీల దగ్గర ఆవిరై, మందమైన చోట్ల లోపల బుడగలు మిగులుతాయి. ఫ్లాస్క్‌ను బయటే అరగంట చల్లారనివ్వండి. వేడి మీద తెరిస్తే సెట్టు వంగుతుంది.

ఇచ్చే రోజు ప్రెషర్ పేస్ట్‌తో (ఒత్తిడి పడే చోటు చూపే పేస్ట్‌తో) లోపలి వైపు, ఆర్టిక్యులేటింగ్ పేపర్‌తో (పళ్లు తాకే చోట రంగు అంటించే కాగితంతో) కాటు సరిచేయండి. రాత్రి తీసి నీళ్లలో ఉంచమని, మొదట మెత్తటి అన్నం చిన్న ముద్దలుగా రెండు వైపులా నమలమని చెప్పండి. నమలడం అలవాటు కావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందనీ చెప్పండి. 24 గంటల తర్వాత పిలిపించండి. పుండు ఒక్కచోటే ఉంటే ఇండెలిబుల్ పెన్సిల్‌తో (తడిస్తే రంగు అంటే పెన్సిల్‌తో) గుర్తుపెట్టి, సెట్టు మీద ఆ గుర్తు అంటిన చోటు మాత్రమే గీకండి. ఆ పుండు రిడ్జ్ నెత్తి మీద ఉంటే గీకే ముందు కాటు చూడండి, చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది.